బండక్క పుస్తకానికి నా పీఠిక

ఫిబ్రవరి 3, మంగళవారం

డెబ్బై ఏడేళ్ళ వయసులో నాకు గిరాకీ వచ్చింది. రెజీనా ఇంటికి వచ్చి తన పుస్తకానికి పీఠిక రాసిమ్మని అడిగింది.

ఈ పిల్ల గౌను వేసుకుని నా అద్దె పుస్తకాల అంగడికి వచ్చే రోజుల నుంచీ తెలుసు. బొమ్మల మీద పల్చటి కాగితం పెట్టి, పెన్సిలుతో దించుకుని, నా పుస్తకం నిండా గీతలు పడేసి తెచ్చిచ్చేది. సెల్‌ఫోన్ల దెబ్బకు అంగడి చచ్చి చాలా కాలమైంది గానీ ఆ పిల్ల గీయడం ఆపలేదు. ఇప్పుడు ఇక్కడే కడపలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఏళ్ళ తరబడి కూర్చుని ఒక బొమ్మల కథ మొత్తం గీసింది. వీరురాలి పేరు బండక్క. ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనుల్లో బండలు మోసే మనిషి. నేలకు చెవి ఆనిస్తే రాయి మాట్లాడేది ఆమెకు వినిపిస్తుంది. ఎంత బండనైనా ఎత్తుతుంది. ఊరి కింద దొంగతనంగా మందు పేల్చే కాంట్రాక్టరును పట్టుకొచ్చి ఆ బండ మీదే కూర్చోబెట్టి న్యాయం అడుగుతుంది. మనిషి రంగు ఆ నల్లబండ రంగే.

"తాతా, అమెరికా బొమ్మల పుస్తకాల్లోకి నల్ల వీరులు ఎట్ల వచ్చినారో చిన్నప్పుడు నువ్వు చెప్తాంటే నోరు తెరుచుకొని వింటాంటి. అదంతా నాలుగు పేజీలు రాసియ్యి. బండక్క వాళ్ళకు చెల్లెలని జనాలకు తెలియల్ల," అంది.

నాకు తీరిక లేదన్నాను. పండితులు మొదట అలాగే అనాలి.

"ఆయనకా? తీరిక ల్యాదా?" అంది సుందరలక్ష్మి వంటింట్లోంచి. "పొద్దున్నుంచి పంచాంగంలో అక్షరాన్ని చీమనుకొని తరుముతాండాడు."

పెళ్ళయి యాభై ఏళ్ళు దాటినా ఈమెకు నా మీద గౌరవం కుదరలేదు. ఒప్పుకున్నాను.

అచ్చు వేసేది నా బామ్మర్ది ధనుంజయ. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు, పెళ్ళిపత్రికలు, కర్మంతరాల కార్డులు, ఇవీ వాడి సాహిత్యసేవ. కథల పుస్తకం ఇంతవరకు ముట్టుకోలేదు. నా మొగం చూసి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. రంగులు సరిగా వచ్చాయని నేను చూసి సంతకం పెట్టాలి. రేపు ఎవరూ వాడి గొంతు మీద కూర్చోకూడదు. దానికేం, చెయ్యి ఉంది, పెన్ను ఉంది.

ఫిబ్రవరి 5

మొదటి వాక్యం పడింది: "నల్ల వీరుల చరిత్ర చింతపండుతో మొదలవుతుంది." కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను. నిజం కాబట్టి.

మా నాయనది చిల్లర అంగడి. పొట్లాలు కట్టే కాగితం మద్రాసు నుంచి బస్తాల్లో వచ్చేది. ఓడల్లో వచ్చిన అమెరికా పాత పేపర్లు, వాటి మధ్య రంగురంగుల బొమ్మల పుస్తకాలు. నేను ఇంగ్లీషు బడిలో నేర్చుకోలేదు, పొట్లాల్లో నేర్చుకున్నాను. కథ మొదలు ఎండుమిరపకాయలతో ఒకరింటికి పోయేది, చివర చింతపండుతో ఇంకొకరింటికి పోయేది, నడిమి భాగం నాకు మిగిలేది. అందుకే ఇప్పటికీ ఏ కథైనా నాకు నడిమి నుంచే తెలుసు. వాడు ఏం పాపం చేశాడో తెలియకుండా విలన్‌ను ద్వేషించడంలో నాకున్న అనుభవం జిల్లాలో ఎవరికీ ఉండదు. రాజకీయాల్లోకి పోయి ఉంటే పైకొచ్చేవాణ్ణి.

ఆ పుస్తకాల్లో నల్లవాళ్ళు లేరా అంటే, ఎందుకు లేరు, ఉన్నారు. పెట్టెలు మోస్తూ ఉన్నారు. గుడ్లు తేలేసి, దయ్యమని అరిచి పరుగెత్తుతూ ఉన్నారు. పెదవులు దోసెలంత. తెల్ల వీరుడు వచ్చి కట్లు విప్పేవరకు ఓపికగా కట్టేయించుకుని ఉన్నారు. ఒక మనిషి చడ్డీ మీద చడ్డీ వేసుకుని ఆకాశంలో ఎగురుతాడంటే నమ్మే జనం, ఆ ఎగిరేవాడు నల్లగా ఉంటే నమ్మరని వాళ్ళ భయం. ఎంతైనా నమ్మకానికి ఒక హద్దుండాలి గదా.

మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఫిలడెల్ఫియాలో ఒక నల్ల విలేఖరి, రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ అందరూ నల్లవాళ్ళే అయిన బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చాడు. ఒకటే సంచిక. రెండోదానికి కాగితం అమ్మేవాడు దొరకలేదంటారు. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ తగలబెట్టలేదు. స్టాకు లేదన్నారంతే. ఎంత మర్యాదైన పద్ధతో చూడండి.

చూడండి అని ఎవరితో అంటున్నానో. డైరీకి శ్రోతలు ఉండరన్న సంగతి ఈ నోటికి ఇంకా అలవాటు కాలేదు.

ఫిబ్రవరి 6

ఈ కాలం బల్బులు శుద్ధ దండగ. వెలుతురు పసుపునీళ్ళ మాదిరి ఉంది.

ఫిబ్రవరి 9, సోమవారం

రెజీనా వాళ్ళింటికి పోయాను, రైల్వే స్టేషను వెనక. బండక్క మొగం వాళ్ళమ్మ గురమ్మదే. గురమ్మ పెళ్ళయిన నాటి నుంచి మోకాళ్ళు అరిగేదాకా గనుల్లో బండలు మోసింది. ఇప్పుడు మంచం మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళందరినీ పేరు పెట్టి తిడుతూ ఉంటుంది. చాలా సుఖమైన వృద్ధాప్యం.

రెజీనా నాకు ఫొటోలు చూపించింది. పొదుపు సంఘం ఫ్లెక్సీలో గురమ్మ. చర్చి క్యాలెండరులో గురమ్మ. మేనకోడలి పెళ్ళి ఆల్బంలో గురమ్మ.

"చూడు తాతా. దీంట్లో తెల్లగా ఏసినారు. దీంట్లో ఎర్రగా ఏసినారు. దీంట్లో అయితే మొగానికి ట్యూబులైటు పెట్టినట్టుండాది. ఇన్నిట్లో ఒక్కదాంట్లో కూడా మా అమ్మ ల్యా. అచ్చులో ఒక్కసారన్నా మా అమ్మ మొగం మా అమ్మదిగా రావల్ల. దానికే ఈ పుస్తకం."

"ఈ పిల్లకు పిచ్చి, శెట్టిగారూ," అంది గురమ్మ. "నా మొగం చూడల్లంటే ఈడనే ఉండా గదా. బొమ్మ యాల?"

"రేపు నువ్వు ల్యాకపోతే?"

"నేనే ల్యాకపోతే ఇంగ మొగమెందుకే?"

రంగు కలపడానికే చాలా కాలం పట్టిందట. వాళ్ళమ్మ చెంప పక్కన కుంచె పెట్టి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసుకుని కలిపిందట. "నన్ను గోడ అనుకొనింది," అంది గురమ్మ. తిట్టినట్టే ఉంది గానీ ఆ మాట అంటున్నప్పుడు చెంప మీద చెయ్యి పెట్టుకుంది.

ఫిబ్రవరి 12

ఇవాళ రంగుల గురించి రాశాను. ఆ కాలంలో అమెరికా బొమ్మల పుస్తకాలకు నాలుగే సిరాలు, అదీ నాసిరకం కాగితం మీద. తెల్లవాడి మొగానికి ఏ సిరా ఎంతో ముందే ఒక లెక్క ఉండేది. ఏ అచ్చాఫీసులో వేసినా గులాబీ పువ్వు మాదిరి వచ్చేవాడు. నల్లవాడి మొగానికి లెక్క కట్టే ఓపిక ఎవరికీ లేదు. ఒక పేజీలో బూడిద రంగు, తిప్పితే వంకాయ రంగు. నాకు దొరికిన ఒక పొట్లం కాగితంలో ఒక మనిషి వాకిట్లో బూడిదగా ఉండి, గడప దాటేసరికి ఊదాగా అయినాడు. అది అతని మంత్రశక్తి అని నేను చాలా ఏళ్ళు నమ్మాను.

యాభైల్లో పిల్లలు చెడిపోతున్నారని, బొమ్మల పుస్తకాలను తనిఖీ చేయడానికి ఒక సంఘం పెట్టుకున్నారు. ఒక ప్రచురణకర్త వాళ్ళకు అంతరిక్ష కథ ఒకటి పంపాడు. చివరి బొమ్మలో వ్యోమగామి తలమీది తొడుగు తీస్తాడు, చూస్తే నల్లవాడు. తనిఖీ పెద్దమనిషికి గుటక పడలేదు. మొగం మార్చమన్నాడు. కథ ఉన్నదే ఆ మొగం కోసం గదయ్యా అని వీళ్ళు. అయినా మార్చు అని ఆయన. చివరికి వీళ్ళు తిరగబడి, ఊరంతా చెబుతామని బెదిరించి, ఉన్నది ఉన్నట్టు అచ్చేశారు.

ఆ ఘట్టానికి నా కలం పూనకం పట్టినట్టు పోయింది. "అచ్చాఫీసు గడప దగ్గర మొగాన్ని కాపాడినవాడే అసలైన వీరుడు" అని ఒక వాక్యం పడింది. సుందరలక్ష్మిని పిలిచి రెండుసార్లు చదివి వినిపించాను.

"బాగుండాది. ఆ అద్దాలు తుడుచుకో," అంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

శివరాత్రి. సుందరలక్ష్మికి ఉపవాసం. కాబట్టి నాకూ ఉపవాసమే, నన్నెవరూ అడగలేదు. ఆకలి మీద చరిత్ర బాగా సాగుతుంది.

పెద్ద కంపెనీల పుస్తకాల్లోకి మొదటి నల్ల వీరుడు 1966లో వచ్చాడు. పక్క వీధిలో ఉండే నల్లవాణ్ణి వీరుణ్ణి చేసే ధైర్యం చాలక, ఆఫ్రికాలో, అదీ పటంలో లేని దేశానికి రాజును చేశారు. మొదట సగం మొగం కనిపించేట్టు ముసుగు గీశారని, తర్వాత భయపడి మొత్తం కప్పేశారని అంటారు. ఇంకో మూడేళ్ళకు అమెరికా నల్లవాడికి కూడా వంతు వచ్చింది, తెల్ల వీరుడి పక్కన తోడుగా. డెబ్బైల్లో తన పుస్తకం తనకే ఉన్న నల్ల వీరుడు వచ్చాడు. జైలు నుంచి బయటపడినవాడు, కూలి తీసుకుని జనాన్ని కాపాడతాడు. తెల్ల వీరులైతే ఉచితంగానే కాపాడతారు. ఇంట్లో కలిగినవాళ్ళు మరి.

అప్పటి నుంచి ఎవడొచ్చినా పేరుకు ముందర "నల్ల" అని తగిలించడమే. చూసేవాడికి తెలియదని కాబోలు. మా అంగడి వీధిలో ఇద్దరు ఈరన్నలుండేవాళ్ళు. ఒకడు పెద్ద ఈరన్న, ఇంకొకడు నల్ల ఈరన్న. నిజానికి పెద్ద ఈరన్నే ఎక్కువ నలుపు. కానీ ఆయనకు తోట ఉండేది.

అన్నిటికంటే నాకు నచ్చిన ఆలోచన ఇంకొకటి. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు నల్ల వీరుడు కావాలని కూర్చుని ఆలోచించి ఆలోచించి, ఒక తెల్లవాణ్ణి కనిపెట్టారట. నల్లవాళ్ళంటే గిట్టని తెల్లవాడు. ఆపద వచ్చినప్పుడు మాత్రం నల్ల వీరుడుగా మారిపోతాడు, పని అయిపోగానే మళ్ళీ తెల్లవాడు. ఒక రచయిత తల బాదుకుని, ఇది అచ్చేస్తే ఊరు మన మీద పడుతుందని చెప్పి ఆపించాడు. తొంభైల్లో నల్ల కళాకారులే కొందరు కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారంటే ఎందుకు పెట్టుకోరు.

ఫిబ్రవరి 18, బుధవారం

ధనుంజయ ప్రెస్సులో రంగు నమూనా చూశాను.

రెజీనా పొద్దున్నే ఫోను చేసింది. "తాతా, స్కూల్లో పరీక్షల డ్యూటీ ఏసినారు. శనివారం దాకా ఆపు, నేనూ వస్తా." ఆపితే ధనుంజయ మనసు మారుతుందని చెప్పాను. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఒక్కణ్ణే పోయి, కుర్చీ వేయించుకుని, టీ తెప్పించుకుని చూస్తే ఉండే మర్యాద వేరన్నది మిగతా నిజం.

కంప్యూటరు దగ్గర కూర్చునే ఓబులేసు పేజీలు బల్ల మీద పరిచాడు.

"బాగా చూసుకో బావా. తర్వాత నా మీద పడొద్దు," అన్నాడు ధనుంజయ.

చూశాను. బండక్క మొగం నిగనిగలాడుతూ, మట్టి రంగులో ఉంది. రెజీనా ఇంట్లో చూపించినప్పుడు ఇంకొంచెం నలుపుగా ఉన్నట్టు గుర్తు. కానీ జ్ఞాపకాన్ని నమ్ముకుని మనుషులు ఎన్ని పొరపాట్లు చేయలేదు! కొంచెం పసుపు కొట్టింది. అయితే గోడ కూడా పసుపుగానే ఉంది, ఓబులేసు చొక్కా కూడా. ప్రెస్సులో ట్యూబులైట్లు అలాంటివి.

"అద్దాలు తెచ్చుకోల్యా సార్?" అన్నాడు ఓబులేసు.

"అద్దాలు చదివేదానికప్పా, చూసేదానికి కాదు," అన్నాను.

సంతకం పెట్టాను. కింద తేదీ కూడా వేశాను.

ఫిబ్రవరి 19

పీఠిక పన్నెండు పేజీలు వచ్చింది. రెజీనా నాలుగు అడిగింది. చరిత్రకు చెప్పాలి ఆ సంగతి.

ఫిబ్రవరి 26, గురువారం

పుస్తకాలు వచ్చాయి. రెజీనా ఒకటి తెచ్చి నా ముందర పెట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తాతా, ఈమె ఎవురు?"

"బండక్క."

"మళ్ళా చూడు."

"బండక్కే. బాగా వచ్చింది."

సెల్‌ఫోనులో తను వేసిన అసలు బొమ్మ తీసి పుస్తకం పక్కన పెట్టింది. నాకు ఒకటి మట్టి రంగు, ఇంకొకటి తడిమట్టి రంగు. రెండూ ఒకటే గదా అన్నాను. నా మొగంలోకి కాసేపు చూసింది. తర్వాత, "అవ్వా, ఒక్కసారి ఇట్లరా," అని పిలిచింది.

సుందరలక్ష్మి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి వంగి చూసింది. "ఈ తెల్లపిల్ల ఎవురే? మొగం నిండా పౌడరు పూసుకొని గనిలో బండలు మోస్తాండాది!"

నేను పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరకు లాక్కున్నాను.

రెజీనా ఓబులేసుకు ఫోను కలిపి, మాకు వినపడేట్టు పెట్టింది. "అక్కా, నన్ను ఎవురూ చెయ్యమన్ల్యా," అన్నాడతను. "మొగం కనపడితే నా చెయ్యి దానంతట అదే పోతాది. వచ్చిన ప్రతి మొగాన్నీ తెల్లగా చేసేది, అదే పని ఇన్నేండ్లుగా. ఒగసారి ఒగాయన్ను ఉన్నట్టే వదిలిపెడితే కొట్టను వచ్చినాడు. పోయినేడు బండలాగుడు పోటీల ఫ్లెక్సీలో ఎద్దులకు కూడా తెలుపు ఎక్కించమన్యారు, ఎక్కించినా. ఇదీ అట్లనే అయిపోయింటాది. నాకు తెలీనే తెలీదు. అయినా శెట్టిగారు చూసి సంతకం పెట్టిరి గదక్కా?"

అమెరికావాళ్ళ వీరుడు తెల్లవాడు, ఆపదలో నల్లబడతాడు. మా కడప వీరురాలు నల్లది, ప్రెస్సులోకి పోతే తెల్లబడుతుంది. ఈ పోలిక అప్పుడే తట్టింది. పైకి అనలేదు. అంత తెలివి ఉంది.

రెజీనా పుస్తకం తెరిచి చదివింది. "'అచ్చాఫీసు గడప దగ్గర మొగాన్ని కాపాడినవాడే అసలైన వీరుడు.' ఇది పదో పేజీలో నువ్వు రాసినావు. పదమూడో పేజీ నుంచి మా అమ్మ ల్యా."

ఏడవలేదు. సుందరలక్ష్మి ఇచ్చిన కాఫీ తాగలేదు. వచ్చే నెల ఇరవై రెండున ఆవిష్కరణ అని అందరినీ పిలుచుకుంది. మళ్ళీ అచ్చు వేసేది లేదని ధనుంజయ చెప్పేశాడట. వాళ్ళమ్మకు పుస్తకం ఇంకా చూపించలేదట. ఏమని చూపించాలి తాతా అని అడిగి, నేను చెప్పేలోపే వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 27

తప్పు ఎవరిదని నెమ్మదిగా ఆలోచించాను. మొదట ఓబులేసు చెయ్యి. తర్వాత ప్రెస్సులో ట్యూబులైటు. తర్వాత పరీక్షల డ్యూటీ వేసిన హెడ్మాస్టరు. ఇంకెవరైనా ఉన్నారా అని వెతికాను. కనపడలేదు.

ఫిబ్రవరి 28

ట్యూబులైటుదే.

మార్చి 2, సోమవారం

సుందరలక్ష్మి నన్ను కంటి ఆసుపత్రికి తీసుకుపోయింది. తీసుకుపోయింది అనేది మర్యాద మాట.

"రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయి, పెద్దాయనా," అంది డాక్టరమ్మ. "మీకు లోకమంతా డికాషన్‌లోంచి చూసినట్టు కనిపిస్తుంటుంది. తెలుపు పసుపుగా, పసుపు మట్టిగా. ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది?"

నాకు గుర్తులేదన్నాను. సుందరలక్ష్మికి గుర్తుంది. చాలా వివరంగా గుర్తుంది. వెనక వరసలో కూర్చున్న రోగులు కూడా పనులు మానుకుని విన్నారు.

మార్చి 8, ఆదివారం

ఒక కన్నుకు ఆపరేషన్ అయింది. రెండోది తర్వాత.

మా ఇంటి గోడలు తెల్లవట. నేను మీగడ రంగు అనుకుని పెయింటు పనివాణ్ణి ఏడాదిగా మెచ్చుకుంటున్నాను. సుందరలక్ష్మి నీలం చీరలు కూడా కడుతుందట. ఆకాశం సంగతి ఇక రాయను, చూసినవాళ్ళందరికీ తెలిసిందే.

పుస్తకం తీశాను. ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూశాను. పాత కన్నుతో చూస్తే బండక్క బాగానే ఉంది, నేను నిర్దోషిని. కొత్త కన్నుతో చూస్తే బండక్క పౌడరు డబ్బాలో పడి లేచినట్టుంది, దాని నమూనా మీద నా సంతకం ఉంది.

కాసేపు పాత కన్నుతోనే చూశాను.

మార్చి 10, మంగళవారం

కంటికి నల్లద్దాలు పెట్టుకుని ప్రెస్సుకు పోయాను. నన్ను ఒక్కణ్ణే పంపదు కాబట్టి సుందరలక్ష్మి కూడా. రెజీనా అప్పటికే అక్కడ ఉంది, ధనుంజయతో వాదిస్తోంది. గురమ్మ కాగితాల కట్ట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పుస్తకం నాకు చూపియ్యకుండా ఏం దాస్తాండావని కూతుర్ని నిలదీసి వెంటబడి వచ్చిందట.

ధనుంజయ వ్యాపారస్తుడు. ముసలామెను సంతోషపెడితే కూతురు దిగొస్తుందనుకున్నాడు. పుస్తకం చేతిలో పెట్టి, "చూడమ్మా, ఎంత కళగా ఉండావో," అన్నాడు.

గురమ్మకు చదువు రాదు. పేజీలు తిప్పింది. ఒక చోట ఆగింది. పుస్తకాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవురప్పా ఈ దొరసాని?"

"నువ్వేనమ్మా."

"నేనా?" గురమ్మ నవ్వింది. "బండలు మోసేది నా నెత్తి, మొగమేమో ఈయమ్మదా? అట్లయితే ఈయమ్మనే రమ్మను. ఎర్రగుంట్ల గనిలో ఒక్క ఎండాకాలం మొయ్యమను. నా రంగుకే వస్తాది."

"అట్ల కాదమ్మా," అన్నాడు ధనుంజయ. "నల్లది నేలకు బాగుంటాది, అట్టకు బాగుండదు. ఈ జిల్లాలో ఏ ఇంట్లో చూసినా కింద నల్లబండే. దాని మీద నిలబడుకొని తెల్లపిల్ల కావల్లంటారు. నేనేం చేయను? జనాలు అడిగేది ఏస్తా."

"జనాలు యాడ అడిగినారు సార్?" అంది రెజీనా. "మీ కంప్యూటరు అడిగింది."

ధనుంజయ నా వైపు తిరిగాడు. "సంతకం నీదే గదా బావా?"

నాదే అన్నాను. ఈ రెండు అక్షరాలు అనడానికి నాకు ఫిబ్రవరి నెల చాలలేదు. "కానీ అది కన్ను లేనివాడి సంతకం, ధనుంజయా. చెల్లదు."

"చెక్కు మీద పెట్టింటే చెల్లుతాంటి గదా!"

"సార్, రంగులే వద్దు," అంది రెజీనా. "ఒక్క నల్ల సిరాతో ఏయండి. సిరాతో గీసిన అసలు పేజీలు నా దగ్గరుండాయి. మొగంలో నలుపు నేనే కుంచెతో నింపిస్తా. నల్ల సిరాకు తెలుపు ఎక్కించే బటన్ ఇంకా రాలేదు గదా?"

ఓబులేసు తల వంచుకుని రాలేదన్నాడు.

"ఆలోచిస్తా," అన్నాడు ధనుంజయ.

"ఆలోచించేది ఏముండాదిరా?" అంది సుందరలక్ష్మి. "ఏసెయ్యి."

నా బామ్మర్ది ఎమ్మెల్యేలకు కూడా రేపు రమ్మని చెప్పగలడు. అక్కకు చెప్పలేడు. లోపలికి పోయి మిగిలిన కాగితం చూసుకుని వచ్చాడు. "ఉన్న కాగితంతో ఏస్తానక్కా. కొత్తగా కొనేది ల్యా. కాకపోతే ఒక పన్నెండు పేజీలకు తక్కువ పడతాది."

అందరూ నా వైపు చూశారు. ఓబులేసు కూడా.

"చరిత్ర లేకుండా పుస్తకం ఎట్లా?" అన్నాను. "ఆ వ్యోమగామి కథ, ఆ ఆఫ్రికా రాజు సంగతి, ఇవన్నీ మన జనానికి ఎవరు చెబుతారు?"

"ఆ రాజు నా కంటే ఎక్కువ బండలు మోసినాడా, శెట్టిగారూ?" అని అడిగింది గురమ్మ.

మోయలేదు. నాకు తెలిసిన చరిత్రలో ఎక్కడా మోయలేదు.

మార్చి 11

పీఠికను నేనే వెనక్కు తీసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. పెద్దమనసు కొందరికి పుట్టుకతో వస్తుంది.

మార్చి 15

పేజీలు కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు రెజీనా పక్కనే కూర్చుందట, చేతిలో స్కూలు స్కేలుతో. ఓబులేసు చెయ్యి అలవాటు చొప్పున మొగం మీదకు పోయినప్పుడల్లా ఒకటి వేసిందట. అతనే ఫోను చేసి చెప్పాడు, ఫిర్యాదుగా కాదు. "చెయ్యి దానంతట అదే పోతాండాది సార్, నేను చూస్తాండంగనే. ఇన్నేండ్లు ఎవురూ కొట్టల్యా, అందుకే తెలీల్యా," అన్నాడు.

నా పీఠిక కాగితాలు బీరువాలో పెట్టాను. రెండుసార్లు తీసి చదువుకున్నాను. వ్యోమగామి ఘట్టం బాగుంది.

మార్చి 22, ఆదివారం

ఆవిష్కరణ అయింది. గురమ్మ వాళ్ళ వీధిలోనే, ఇంటి ముందర షామియానా. ముఖ్య అతిథులెవరూ లేరు. గురమ్మతో గనిలో పనిచేసిన ఆడవాళ్ళు బస్సెక్కి వచ్చారు. వాళ్ళ గొంతుల ముందు మైకు దండగ.

కట్ట విప్పి మొదటి పుస్తకం గురమ్మ చేతికిచ్చింది రెజీనా. ఇచ్చి, పక్కకు జరగలేదు, అక్కడే నిలబడింది. పమిట కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ.

గురమ్మ అట్ట చూసింది. నల్ల సిరాలో పెద్ద మొగం, నెత్తి మీద బండ. చాలాసేపు చూసింది.

"ముక్కు ఇంత లావుగా ఏసినావేమే?"

"ఉండేది అంతే గదక్కా," అంది పక్కనున్నామె. "ఇంగా తగ్గించి ఏసింది."

"నీ ముక్కు చూసుకోపో," అంది గురమ్మ. ఆ తర్వాత పుస్తకాన్ని రెండు చేతులతో పైకెత్తి, వెనకున్న ఆడవాళ్ళందరికీ కనపడేట్టు తిప్పింది. "ఇదో, నేను," అంది.

రెజీనా పమిట కొస వదిలేసింది.

నాకూ ఒక ప్రతి ఇచ్చింది. మనిషన్నాక ముందు తన పేరు వెతుక్కుంటాడు. పీఠిక లేదు, తెలుసు. అయినా మొదటి పేజీ తీశాను. కథ, బొమ్మలు: రెజీనా. ముద్రణ పేరుతో ధనుంజయ ప్రెస్సు. ఆ కింద ఇంకొక వరస ఉంది.

రంగుల పరిశీలన: గుండా రామసుబ్బయ్య.

తలెత్తితే రెజీనా నన్నే చూస్తోంది. మొగంలో నవ్వు లేదు. అంత నవ్వు లేకుండా ఉండటానికి మనిషి చాలా కష్టపడాలి.

"నీ పేరు ల్యాకుండా ఎట్ల తాతా?" అంది. "టీ తెప్పించుకొని మరీ చూసినావంట గదా."

సుందరలక్ష్మి కుర్చీ పట్టుకుని నవ్వింది. ధనుంజయ నవ్వాడు. ఓబులేసు నవ్వాలా వద్దా అని నా వైపు చూసి, నవ్వాడు.

నేను జేబులోంచి అద్దాలు తీసి, తుడిచి, పెట్టుకున్నాను. షామియానా కిందే కూర్చుని, కొత్త కన్నుతో, మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు పుస్తకమంతా చూశాను. ఉన్నది ఒక్కటే రంగు.

సరిగా ఉంది.